ఓర్పు మందు కాదు

తెలుగువారు గర్భవతిని గూర్చి చెప్పునపుడు "ఆమె వట్టి మనిషి కాదు" అందురు. ఈ పలుకుబడిలో ఎంతో మన్నన కలదు. ఆమె ఎదురుపడిన దారి ఇత్తురు. బిందె ఎత్తబోయిన చేతిలోనిది అందుకొందురు. పుల్లనిదేదో తినవలెనని ఆమెకు తోచినచో ఇరుగుపొరుగువారు సైతము వెదకి తెత్తురు. కాని ఒళ్లంతయు దురద పుట్టి రాత్రులు నిద్ర పట్టుట లేదని ఆమె చెప్పినపుడు మాత్రము ఇంటిలో ఎవరును కదలరు. "బిడ్డకు వెండ్రుకలు మొలచుచున్నవి, ఓర్చుకో" అను ఒక్క మాటతో ఆ సంగతి ముగిసిపోవును.

పలనాటిలో ఈ ఓర్పును గూర్చిన బోధ మరింత బలమైనది. నరసరావుపేట మొదలు గురజాల, మాచర్లల వరకు వ్యాపించిన ఈ సీమ 2022 ఏప్రిల్ నుండి ప్రత్యేకమైన జిల్లా అయినను, ఎండకును, మిరపకును, పౌరుషమునకును ఎన్నడో పేరుపడినది. కార్తికమాసమున కారెంపూడిలో వీరులను తలచుకొనుచు ఏటేట ఉత్సవము జరుపుకొను జనులకు ఓర్పు వంశధనము వలె కనబడును. భర్తను రణమునకు సాగనంపిన మాంచాల కథ విన్న ఇంటిలో, కోడలు దురదకు తాళలేకున్నానని చెప్పుట చిన్నతనముగా తోచుటలో వింత లేదు. ఐతే కష్టము వచ్చినపుడు చూపవలసిన ఓర్పు వేరు. దేహము ఏదియో తెలుపబోవుచుండగా దాని నోరు మూయించు ఓర్పు వేరు. ఈ రెండవదానిని గుణముగా ఎంచి పొగడుట వలన కొన్ని ఇండ్లలో కడుపులోని బిడ్డకే ముప్పు వాటిల్లవచ్చును.

ఈ ఉపేక్షకు భాషయు కొంత తోడ్పడినది. తెలుగులో ఈ బాధకు పేర్లు కొరత లేదు. దురద, తీట, నవ, జిల అను దేశ్యపదములు కలవు. కండూతి అను సంస్కృతపదము కలదు. ఐనను వీనిలో పెక్కింటికి వెక్కిరింపు అంటుకొన్నది. పనికిమాలిన మాటలాడువానికి నోటిదురద అందురు. కయ్యమునకు కాలుదువ్వువానికి ఒళ్లు తీట అందురు. పేరుకై ప్రాకులాడువానిది కీర్తికండూతి అని విమర్శకులు వ్రాయుదురు. కందకు లేని దురద కత్తిపీటకెందుకని సామెత. నొప్పి అను మాటకును, జ్వరము అను మాటకును ఈ గతి పట్టలేదు. నొప్పి అన్నవారిని చూచి లోకము జాలిపడును. దురద అన్నవారిని చూచి నవ్వును. పైగా దురద అనగానే శుభ్రత లేదేమో యను శంక, గజ్జియేమో యను జంకు. కావుననే కొత్త కోడలు అత్తవారింట ఆ మాట బయటికి అనలేదు. దద్దుర్లు లేచినది పొత్తికడుపు మీదనో రొమ్ముల క్రిందనో అయినచో, చూపుటకు సిగ్గు సైతము అడ్డువచ్చును.

బిడ్డకు వెండ్రుకలు మొలచుట వలననే తల్లికి బాధ కలుగుచున్నదను నమ్మకము నేటిది కాదు. చరకసంహిత శారీరస్థానము ఎనిమిదవ అధ్యాయములో దీని ప్రస్తావన కలదు. ఏడవ మాసమున గర్భిణికి కలుగు మంటను గూర్చి స్త్రీలు ఇట్లు అనుకొందురని చెప్పి, ఆత్రేయుడు దానిని అంగీకరింపలేదని అచ్చట వ్రాయబడినది. పెరుగుచున్న గర్భపు ఒత్తిడి వలన దోషములు రొమ్మునకు చేరి మంటను పుట్టించుననియు, దాని నుండి దురదయు, దురద నుండి చర్మము మీద కిక్కిసమను చారలును ఏర్పడుననియు ఆయన మతము. ఈ కారణమును నేటి వైద్యము ఒప్పుకొనకపోవచ్చును. ఐనను ఆ ఆచార్యుని పద్ధతి గమనింపదగినది. స్త్రీలు చెప్పిన కారణమును ఆయన త్రోసిపుచ్చెను. వారు చెప్పిన బాధను మాత్రము శ్రద్ధగా వినెను. రేగుపండ్ల కషాయముతో వెన్న ఇమ్మనెను, చందనము, తామరతూడు నూరి రొమ్ములకును కడుపునకును పూయుమనెను, గోళ్లతో గోకరాదనెను, తాళలేనపుడు మెల్లగా రుద్దుకొనుమనెను. నేడు పెక్కు ఇండ్లలో జరుగుచున్నది దీనికి తలక్రిందులు. ఆయన కాదన్న కారణము భద్రముగా నిలిచినది. ఆయన చూపిన శ్రద్ధ మరుగుపడినది.

ఇక నేటి వైద్యశాస్త్రము ఏమనుచున్నదో చూడవలెను. గర్భిణులలో దాదాపు ఐదుగురికి ఒకరు ఏదో ఒక దశలో దురదతో బాధపడుదురు. వానిలో అధికభాగము నిరపాయములే. చర్మము సాగుట, పొడిబారుట, చెమట పట్టుట మొదలైన కారణములు అనేకము. రెంటచింతల వంటి చోట్ల వేసవి ఎండ 45 డిగ్రీలు దాటినపుడు చెమటకాయలు ఎవరికైనను లేచును. అట్టివానికి చల్లని నీటి స్నానము, వదులైన నూలుబట్ట, చర్మము ఆరిపోకుండ కొబ్బరినూనె చాలును. గజ్జి సోకినచో గర్భిణికి తగిన మందే కలదు. ఐతే ఇంటిల్లిపాదియు ఒకేసారి దానిని వాడవలెను.

గర్భమును ఆశ్రయించియే వచ్చు చర్మవ్యాధులు మరికొన్ని కలవు. 505 మంది గర్భిణులను పరిశీలించి ఐరోపా వైద్యులు 2006లో వీనిని నాలుగు తెగలుగా విభజించిరి. ఆ గర్భిణులలో సుమారు సగము మందికి ఉన్నది, పుట్టుకతోనే సులభముగా రేగు చర్మము గలవారికి వచ్చునది. ఉబ్బసము, తరచు తుమ్ములు, చిన్ననాటి నుండి చర్మపు పగుళ్లు గల కుటుంబములలో ఇది హెచ్చు. మోచేతి మడతలలో, మెడ మీద, తరచు మొదటి ఆరు మాసములలోనే కనబడును. బిడ్డకు దీని వలన హాని లేదు.

రెండవ తెగకు చెందినది సాధారణముగా తొలిచూలు స్త్రీలకు చివరి మాసములలో వచ్చును. 1979లో అమెరికా వైద్యులు దీనికి చాల దీర్ఘమైన పేరు పెట్టగా, అందలి మొదటి అక్షరములను కూర్చి పి.యు.పి.పి.పి. అని వ్యవహరింపసాగిరి. కడుపు సాగినచోట ఏర్పడిన చారలలో ఎర్రని దద్దుర్లు లేచి, తొడలకును పిరుదులకును ప్రాకును. చిత్రమేమనగా బొడ్డు చుట్టు ఉన్న చోటు మాత్రము తరచుగా వదలివేయును. సుమారు 160 మొదలు 200 గర్భములకు ఒకటి చొప్పున కనబడు ఈ వ్యాధి తల్లికి నిద్ర లేకుండ చేయును గాని బిడ్డ జోలికి పోదు. కాన్పు అయిన కొన్ని వారములకు తనంత తానే మాయమగును. ఈ రెండు తెగల స్త్రీలకు కావలసినది ధైర్యవచనము, వైద్యుడు వ్రాసి ఇచ్చిన పూతమందు.

మూడవది బొడ్డు చుట్టు మొదలై నీటిబొబ్బలుగా మారును. 1872లో మిల్టన్ అను ఆంగ్ల వైద్యుడు దీనికి హెర్పిస్ అను మాట చేర్చి పేరు పెట్టెను. కాని హెర్పిస్ అను అంటువ్యాధి క్రిమితో దీనికి ఎట్టి సంబంధమును లేదు. దేహపు రక్షణశక్తి తన చర్మమునే పరాయిదిగా ఎంచి ఎదిరించుట దీనికి మూలమని తరువాత తేలినది. ఇది మిక్కిలి అరుదు. ఐనను బిడ్డ నెలలు నిండకముందుగాని, తక్కువ బరువుతోగాని పుట్టు అవకాశము ఉన్నందున, బొబ్బలు కనబడిన గర్భిణిని ఆలస్యము చేయక వైద్యునికి చూపవలెను.

అన్నిటికంటె జాగ్రత్తగా కనిపెట్టవలసినది నాలుగవది. దీనిలో దద్దురు ఉండదు. చర్మము నున్నగా ఉండును. గోకిన గీతలు తప్ప ఏమియు కనబడవు. దురద మాత్రము అరచేతులలోను అరికాళ్లలోను మొదలై, రాత్రివేళ హెచ్చి, ఒళ్లంతయు వ్యాపింపవచ్చును. సాధారణముగా ఏడవ మాసము దాటిన పిమ్మట వచ్చును. దీని జన్మస్థానము చర్మము కాదు, కాలేయము. కాలేయము చేయు పైత్యరసము ప్రేవులలోనికి సరిగా దిగక, అందలి ఆమ్లములు నెత్తురులో పేరుకొనుట వలన ఈ దురద పుట్టును. కొందరికి మూత్రము ముదురురంగుగా వచ్చును; కొందరికి కన్నులు పచ్చబారును; చాలమందికి ఈ గుర్తులు ఏవియు ఉండవు. కాన్పు అయిన పిదప దురద త్వరలోనే పోవును. మరుసటి కాన్పునకు మరల రావచ్చును. తల్లికో అక్కకో ఇట్టి దురద వచ్చియున్నచో ఈమెకును వచ్చు అవకాశము ఎక్కువ.

ఈ వ్యాధిలో తల్లి నిద్ర మాత్రమే పోగొట్టుకొనును, ముప్పు బిడ్డకు. వేలకొలది గర్భముల వివరములను కూర్చి 2019లో లాన్సెట్ వైద్యపత్రికలో వెలువడిన పరిశోధన ఈ ముప్పును స్పష్టముగా కొలిచినది. కడుపులో ఒకే బిడ్డ ఉన్నవారిలో, పైత్యామ్లములు లీటరు నెత్తురునకు 40 మైక్రోమోలుల లోపున ఉన్నపుడు బిడ్డ కడుపులోనే మరణించుట నూటికి 0.13 వంతు. ఇది సామాన్య గర్భములకంటె హెచ్చు కాదు. అవి 100 గాని అంతకు మించి గాని ఉన్నపుడు నూటికి 3.44 వంతులకు పెరిగినది. అనగా ఈ దురద గలవారిలో ఎక్కువమందికి ధైర్యము చెప్పవచ్చును. కొలదిమంది విషయమున మాత్రము ఒక్క దినమైనను ఏమరరాదు. ఎవరు ఏ కోవకు చెందినవారో చర్మమును చూచి అత్తగారు చెప్పలేరు, వైద్యుడును చెప్పలేడు. రక్తపరీక్ష ఒక్కటే చెప్పగలదు.

ఇది పరదేశపు వింతరోగమని కొట్టివేయుటకును వీలులేదు. ఇంగ్లండులో వేయిమంది గర్భిణులలో సుమారు ఏడుగురికి ఇది వచ్చుచుండగా, అచ్చట నివసించు భారత, పాకిస్తాన్ సంతతి స్త్రీలలో వేయికి పండ్రెండు మొదలు పదునైదుగురికి వచ్చుచున్నదని అచ్చటి వైద్యుల లెక్క. దీనికి ఉర్సోడియాక్సికోలిక్ ఆమ్లమను మందు చిరకాలముగా ఇచ్చుచున్నారు. ఐతే 2019లో బ్రిటనులో జరిగిన పరీక్ష ఫలితములు వెలువడగా, అది దురదను కొంచెము తగ్గించునే గాని బిడ్డకు గల ముప్పును తగ్గించినట్లు కనబడలేదు. అందుచేత ఆమ్లముల మట్టమును మరల మరల కొలుచుట, అది మిక్కిలి హెచ్చిన తల్లికి 35, 36 వారముల ప్రాంతమున కాన్పు చేయించుట వైద్యులు ఆలోచించు మార్గములు. దురద సంగతి బయటికి రానిదే వైద్యులు ఆ ఆలోచన చేయు అవకాశమే లేదు.

పలనాటిలో ఈ గుర్తును పోల్చుకొనుటకు ప్రత్యేకమైన అడ్డంకి ఒకటి కలదు. అది మిరప. చలికాలపు చివర మొదలు ఎండలు ముదురు వరకు చేలలో కాయలు కోయుట, కల్లములలో ఆరబోయుట, తాలుకాయలు ఏరుట చాలవరకు స్త్రీల పని. కూలికి పోవు స్త్రీ నెలలు నిండువరకు ఆ పని మానలేదు. ఆ దినములలో అరచేయి మండుచున్నదన్నచో కాయల ఘాటని అందరును అనుకొందురు. ఆమెయు అట్లే అనుకొనును. కాలేయపు దురదకు అరచేయియే మొదటి చోటు కావుట వలన ఇచ్చట పొరపాటు సులభము. ఈ రెంటిని వేరుచేయుటకు పెద్ద చదువు అక్కరలేదు. కారపు మంట కాయను తాకిన చేతికి పట్టును. పని మానిన చల్లారును. కాయలను తాకని అరికాలికి సైతము దురద పుట్టినచో, పని మానినను అది తగ్గనిచో, అర్ధరాత్రి లేపి కూర్చుండబెట్టుచున్నచో, మిరపను నిందించుట మాని ఆసుపత్రికి పోవలెను.

రెండవ అడ్డంకి ఆచారములోనిది. తొలికాన్పునకు కూతురిని పుట్టింటికి తెచ్చుకొనుట తెలుగునాట ముచ్చటైన సంప్రదాయము. ఆమె దేహమునకును మనస్సునకును అది విశ్రాంతి. కాని ఆమె ఏడవ నెలలోనో తొమ్మిదవ నెలలోనో ఊరు మారును. ఈ దురద పొడసూపు కాలమును అదే. మెట్టినింట ఆమెను ఎరిగిన ఆశా కార్యకర్త ఒకరు. పుట్టింట చూడవలసినవారు మరొకరు. అచ్చట చెప్పిన మాట ఇచ్చటికి చేరదు. చీర సారెలతోపాటు మాతాశిశు సంరక్షణ కార్డును, ఇంతవరకు చేయించిన పరీక్షల కాగితములను మూటగట్టి పంపుటయు సంప్రదాయములో భాగము కావలెను.

మూడవది సొంత వైద్యము. దురద అనగానే వంకాయ మానుమందురు. పిమ్మట గోంగూర, గ్రుడ్డు, చేప ఒక్కొక్కటిగా కంచము నుండి తొలగిపోవును. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారము ఆంధ్రప్రదేశ్ గర్భిణులలో సగమునకు పైగా రక్తహీనులు. అట్టివారి కంచము నుండి ఆహారము తీసివేయుట వలన దురద పోదు, నెత్తురు మాత్రము తరుగును. కొందరు మందులకొట్టులో అడిగి పూతమందు తెచ్చుకొందురు. వానిలో చాలవానియందు స్టిరాయిడ్ కలిసియుండును. వైద్యుడు కొలత చెప్పి వ్రాసిన తేలికపాటి స్టిరాయిడ్ గర్భిణికి పనికివచ్చును. తీవ్రమైనవానిని విరివిగా పూసికొన్నచో బిడ్డ బరువు తగ్గవచ్చును. తామర మీద పూసినచో తాత్కాలికముగా అణగి, పిమ్మట మరింత విజృంభించును. వైద్యుని చీటీ లేక ఇట్టివి అమ్మరాదని 2018లో కేంద్ర ప్రభుత్వము నిబంధన బిగించినది కూడ. కన్నులు పచ్చబారినచో పసరు త్రాగించుట మరొక అలవాటు. గర్భిణి విషయమున అది కాలహరణము. జ్వరముతో ఒంటినిండ పొక్కులు లేచినచో అమ్మవారు పోసినదని గదిలో పడుకొనబెట్టుదురు. మశూచికము ప్రపంచమును విడిచినట్లు 1980లోనే ప్రకటింపబడినది. నేడు కనబడునది తరచు ఆటలమ్మ. అది గర్భిణికి ఊపిరితిత్తుల వరకు పోగలదు. వేపరెమ్మ ఇంటిలో ఉండవచ్చును. గర్భిణిని మాత్రము ముందుగా కబురు చేసి ఆసుపత్రికి కొనిపోవలెను.

ఇదంతయు విని పెద్దలు ఒక ఆక్షేపణ చేయవచ్చును. "పదిమంది బిడ్డలను కన్నవారము, ఏ పరీక్షలును ఎరుగము, దురదకు సైతము ఆసుపత్రికి పొమ్మనుట పిల్లలను బెదరగొట్టుట గాదా?" అని వారి ప్రశ్న. ఇందు కొంత న్యాయము లేకపోలేదు. అధికభాగము దురదలు నిరపాయములని పైన చెప్పబడినది. ఆ మేరకు పెద్దల అనుభవము సత్యమే. కాని పదిమందిని కన్న ఆ తరములో చెప్పుకొనని దుఃఖములు కూడ కలవు. నెలలు నిండిన బిడ్డ కడుపులో కదలక ఆగిపోయినపుడు దానిని విధి అనిరి, దృష్టి అనిరి. అంతకుముందు రాత్రులలో ఆ తల్లి అరికాళ్లు నేలకు రాచుకొన్న సంగతి ఎవరును జతపరచి చూడలేదు. అనుభవము గొప్పదే, ఐతే అది అడిగి తెలిసికొన్నవానికే సాక్ష్యము చెప్పగలదు.

ఖర్చును గూర్చిన భయమునకు కొంత ఊరట కలదు. 2016 నుండి ప్రతి నెల 9వ తేదీన ప్రభుత్వ వైద్యశాలలలో గర్భిణులకు ఉచితముగా పరీక్షలు జరుపు కార్యక్రమము కేంద్ర ప్రభుత్వ పక్షమున నడచుచున్నది. నరసరావుపేట, గురజాల, మాచర్లలలో ప్రభుత్వ ఆసుపత్రులు కలవు. గుంటూరున పెద్దాసుపత్రి కలదు. పైత్యామ్లముల పరీక్ష ప్రతి ఊరిలో దొరకదు. ఐనను అనుమానము తగిలినచో ఎచ్చటికి పంపవలెనో అచ్చటి వైద్యులు చెప్పగలరు. రావలసిన మార్పు మరొకటి కలదు. బరువు తూచునపుడు, రక్తపుపోటు చూచునపుడు "దురద ఉన్నదా?" అని ఆశా కార్యకర్తయు, నర్సుయు తామే అడుగవలెను. సిగ్గుపడు స్త్రీ తనంతట చెప్పదు, అడిగినచో చెప్పును. ఈ ప్రశ్నకు పైసా ఖర్చు లేదు.

ఇందు ఉపాధ్యాయులకును విద్యార్థులకును పాలు కలదు. పల్లెలో అక్షరము తెలిసిన గౌరవము నేటికిని బడిపంతులుగారిదే. పాఠశాలలో కాలేయమును గూర్చి పాఠము చెప్పునపుడు పైత్యరసము ఆహారమును జీర్ణము చేయునని చెప్పి ఊరకొనక, అది దారి తప్పినచో తల్లికి దురదయు బిడ్డకు ముప్పును కలుగునని ఒక్క వాక్యము చేర్చిన చాలును. ఆ వాక్యము సాయంకాలమునకు నలుబది ఇండ్లకు చేరును. విద్యార్థులు గుర్తుంచుకొనవలసిన ప్రశ్నలు మూడు. దద్దురు ఉన్నదా, లేదా? ఏ చోట మొదలైనది: కడుపు చారలలోనా, బొడ్డు చుట్టునా, అరచేతులు అరికాళ్లలోనా? రాత్రి హెచ్చుచున్నదా? దద్దురు లేక అరచేతులు, అరికాళ్లు దురదపెట్టుచున్నచో, బొడ్డు చుట్టు బొబ్బలు లేచినచో, జ్వరముతో పొక్కులు వచ్చినచో, కన్నులు పచ్చబారినచో, ఆ దినమే వైద్యునికి చూపవలెను. బిడ్డ కదలిక తగ్గినదని తోచినచో దురద ఉన్నను లేకున్నను గంటయైనను ఆగరాదు.

అక్కయో వదినయో పిన్నియో రాత్రివేళ లేచి కూర్చుండి అరచేతులు గోకికొనుచుండుట మొదట కనిపెట్టునది తరచు ఇంటిలోని పడుచుపిల్లలే. వారు నవ్వక అడుగవలెను. అడిగిన పిమ్మట పెద్దలకు చెప్పవలెను. పెద్దలు ఓర్చుకొమ్మన్నచో మరునాడు బడిలో పంతులమ్మగారికైనను చెప్పవలెను. చూలాలికి ప్రసవవేదన నాటికి ఓర్పు ఎట్లును కావలసియుండును. దానిని అంతకుముందే ఊరక వ్యయపెట్టింపరాదు.